థాకరే అనే ఇంగ్లీషు ఇంటిపేరు ఎక్కడిది? ముంబయి ఠాక్రేలకూ దానికీ సంబంధం ఉందా?

ప్రశ్న: ఆదోని ఉపాధ్యాయురాలు

అందరికీ నమస్కారం. నేను ఆదోనిలో ఉన్నత పాఠశాల పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతాను. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టిన దత్తమండలాల గురించి, అక్కడ 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో గురించి పాఠ్యపుస్తకంలో ఉన్న నాలుగు మాటలకు తోడుగా, ఆయన కింద పనిచేసిన యువ అధికారుల పేర్లు కొన్ని సేకరించి తరగతిలో చెప్పాను. అందులో విలియం థాకరే పేరు రాగానే ఒక అమ్మాయి లేచి, "ఆయన ముంబయి ఠాక్రేలకు తాతముత్తాతా టీచర్?" అని అడిగింది. నవ్వి కూర్చోబెట్టవలసిన ప్రశ్న కాదనిపించింది, ఎందుకంటే బోర్డు మీద రెండు పేర్లనూ ఇంగ్లీషులో పక్కపక్కన రాసి చూపినప్పుడు ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా రెండూ ఒకటిగానే ఉన్నాయి. అది చాలదన్నట్లు, కంపెనీతో పోరాడిన కిత్తూరు రాణి చెన్నమ్మ కథలో చనిపోయిన కలెక్టరు కూడా థాకరేయే కదా అని ఇంకొకరు అడిగారు.

నాకు తెలియవలసినవి ఇవి. ఈ ఇంటిపేరు ఇంగ్లండులో ఎక్కడ పుట్టింది, దాని అర్థం ఏమిటి? అది అరుదైన పేరేనా, అయితే ఆ పేరుగలవారు ఎక్కువగా ఎక్కడ ఉండేవారు? దత్తమండలాల థాకరే, కిత్తూరు థాకరే, ఇంగ్లీషు నవలాకారుడు థాకరే ఒకే కుటుంబం వారా? ముంబయి కుటుంబానికి ఆ వర్తని, అంటే ఇంగ్లీషు స్పెల్లింగు, ఎలా వచ్చింది? పిల్లలకు తప్పు చెప్పకూడదన్న భయంతో అడుగుతున్నాను, కనుక తెలిసినవారు కొంచెం వివరంగా రాయగలరు.

జవాబు 1: లీడ్స్‌లో ఉంటున్న తెలుగువాడు

అమ్మా, నమస్కారం. నేను పన్నెండేళ్ళుగా ఈ పేరు పుట్టిన ప్రాంతానికి దగ్గరలోనే ఉంటున్నాను కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నేను జవాబు రాస్తాను.

ఇది ఊరి పేరు మీదుగా వచ్చిన ఇంటిపేరు. ఇంగ్లండు ఉత్తర భాగంలోని యార్క్‌షైరులో, వాష్‌బర్న్ అనే చిన్న నది లోయలో, గ్రేట్ టింబుల్ గ్రామ పరిధిలో థాక్‌రే అనే చిన్న చోటు ఒకటి ఉండేది. 9, 10 శతాబ్దాలలో సముద్రం దాటి వచ్చి ఉత్తర ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియా జనం తమ భాషలో పెట్టుకున్న పేర్లు ఆ ప్రాంతమంతటా నేటికీ ఉన్నాయి, ఇదీ అలాంటిదే. వారి పాత నార్స్ భాషలో "థాక్" అంటే ఇంటి కప్పుకు వేసే రెల్లు, జమ్ము వంటి గడ్డి. "వ్రా" అంటే మూల, అంటే పొలాలకు ఓరగా మిగిలిపోయిన చోటు. రెండూ కలిపితే "థాక్‌వ్రా". కప్పుగడ్డి దొరికే మూల అన్నమాట. తెలుగులో ఆ ఊరికి పేరు పెట్టవలసివస్తే నేను "రెల్లుమూల" అని పెట్టేవాణ్ణి.

ఇంకొక ముచ్చట కూడా చెప్పకుండా ఉండలేను. ఆ "థాక్"కూ, గడ్డికప్పును చెప్పే నేటి ఇంగ్లీషు మాట "థాచ్"కూ, సంస్కృతంలో కప్పడం అనే అర్థమున్న "స్థగ్" ధాతువుకూ మూలం ఒక్కటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. మన కావ్యాల్లో కనిపించే "స్థగితము" ఆ ధాతువు నుంచి వచ్చినదే.

"వ్రా" చివర ఉన్న పేర్లు ఉత్తర ఇంగ్లండులో ఇంకా ఉన్నాయి. 1680లో లండను నగరంలో ఒక పెన్నీకి ఉత్తరం చేరవేసే తపాలాను నడిపిన విలియం డాక్‌వ్రా ఇంటిపేరులో ఆ "వ్రా" చెక్కుచెదరకుండా నిలిచింది. థాక్‌వ్రాలో మాత్రం కాలక్రమాన మధ్యలోని వకారం జారిపోయి "థాక్‌రే" అయింది, కొందరి నోట "క్" తరువాత ఒక అచ్చు చేరి "థాకరే" అయింది.

ఇక ఆ ఊరు. అది ఇప్పుడు లేదు. లీడ్స్ నగరానికి మంచినీళ్ళ కోసం నగరపాలక సంస్థ 1870 దశకంలో వాష్‌బర్న్ నది మీద వరుసగా జలాశయాలు కట్టించింది. వాటిలో 1879లో పూర్తయిన ఫ్యూస్టన్ జలాశయం కింద ఆ చోటు మునిగిపోయింది. నేను అక్కడికి చాలాసార్లు వెళ్ళాను. ఫ్యూస్టన్, స్విన్‌స్టీ జలాశయాల మధ్య ఉన్న కట్ట మీదుగానే కారు రోడ్డు పోతుంది. కట్ట మీద ఆగితే రెండు పక్కలా నీళ్ళు, ఒడ్డున పైన్ చెట్లు, చెట్ల కింద నీటి చుట్టూ తిరిగివచ్చే కాలిబాట కనిపిస్తాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న వేల మంది తమ పేరులో మోసుకుతిరిగే ఊరు ఆ నీళ్ళ అడుగున ఉన్నదని చెప్పే గుర్తు ఆ నడకలో నా కంట పడలేదు. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జవాబు 2: వంశవృక్షాలు, జనగణన రికార్డులు చదివే వ్యక్తి

పై జవాబు చాలా బాగుంది. నేను రెండో ప్రశ్నకు, అంటే ఈ పేరు ఎంత అరుదు, ఎక్కడ ఉంది అన్నదానికి పరిమితమవుతాను. ఇక్కడ ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. "థాకరే" అనే ఒక్క వర్తనిని పట్టుకుని లెక్కపెడితే ఇది నిజంగా అరుదైన పేరే. అయితే థాక్‌రే, థాకరీ, థాక్‌వ్రే, థాక్‌రా వంటి సోదర రూపాలన్నిటినీ కలిపి చూస్తే ఇది యార్క్‌షైరులో బాగా వేళ్ళూనుకున్న, ఆ జిల్లాకు వెలుపల పలచబడే పేరు. వీటిలో జనం ఎక్కువగా వాడేది అచ్చు చేరని "థాక్‌రే" రూపమే. మనకు పుస్తకాల ద్వారా తెలిసిన "థాకరే" దానికి చిన్న తమ్ముడి వంటిది. అరుదైన ఇంటిపేర్ల గురించి చర్చించేవారు చాలామంది ఈ తేడాను గమనించకుండా వర్తనిని లెక్కపెట్టి కుటుంబాన్ని లెక్కపెట్టామనుకుంటారు, అది పెద్ద పొరపాటు.

ఇన్ని రూపాలు ఎందుకు వచ్చాయంటే, పేరు చెప్పేవాడికి చదువు లేదు, రాసేవాడు చెవికి విన్నట్లు రాశాడు. ఇంగ్లండులో ప్రతి చర్చి తన పరిధిలోని బాప్టిజములు, పెళ్ళిళ్ళు, ఖననాలు నమోదు చేయాలన్న ఆజ్ఞ 1538లో వచ్చింది. అప్పటి నుంచి 19వ శతాబ్దం దాకా ఒకే మనిషి పేరు పెళ్ళినాడు ఒక రకంగా, పిల్లలు పుట్టినప్పుడు మరొక రకంగా, చనిపోయినప్పుడు ఇంకొక రకంగా ఉండటం ఆ రిజిస్టర్లలో సర్వసాధారణం. ఒక మిత్రుడి కోసం యార్క్‌షైరు పశ్చిమ భాగమైన వెస్ట్ రైడింగ్‌లోని ఒక గ్రామ రిజిస్టరు ప్రతులు చూస్తున్నప్పుడు, ఒకే తండ్రికి పుట్టిన ముగ్గురు పిల్లల పద్దుల్లో ఇంటిపేరు మూడు రకాలుగా కనిపించింది. తండ్రి వృత్తి, ఊరు, తల్లి పేరు మూడింటిలోనూ ఒకటే కావడం వల్ల మాత్రమే వారు తోబుట్టువులని పోల్చుకోగలిగాను. 1837 జులై 1 నుంచి ప్రభుత్వమే జనన మరణాలను నమోదు చేయడం మొదలైన తరువాత, చదువు పెరిగిన తరువాత, ఏ కుటుంబం చేతికి ఏ రూపం చిక్కితే అది అక్కడే గడ్డకట్టుకుపోయింది.

పేరు ఎక్కడ చిక్కగా ఉందో తెలుసుకోవడానికి పరిశోధకులు సాధారణంగా పట్టుకునేది 1881 జనగణన. ప్రతి మనిషి పేరూ, వయసూ, పుట్టిన చోటూ అందులో ఉన్నాయి, దేశమంతటి పత్రాలూ పూర్తిగా ఎత్తిరాయబడ్డాయి. అందులో ఈ పేర్ల గుంపు లీడ్స్, హారొగేట్, నేర్స్‌బరో పరిసరాల్లో, అంటే పైన చెప్పిన లోయకు చుట్టుపక్కలనే కుదురుకుని కనిపిస్తుంది. అయిదారు వందల ఏళ్ళు గడిచినా చెట్టు విత్తు పడిన చోటుకు దగ్గరగానే గుబురుకట్టింది. వ్యవసాయం వదిలి బట్టల మిల్లులకు పోయినవారు కూడా దగ్గరలోని లీడ్స్‌కే పోయారు. పనివారి జబ్బులకు వారు చేసే పని ఎలా కారణమవుతుందో 1831లో పుస్తకం రాసి, అదే ఏడాది లీడ్స్ వైద్య పాఠశాల స్థాపనలో పాలుపంచుకున్న చార్లెస్ టర్నర్ థాక్‌రా ఈ పేరువాడే. 1902లో లీడ్స్‌లో మందుల దుకాణం కొని, తరువాత శస్త్రచికిత్స పరికరాల కంపెనీగా పెరిగిన వ్యాపారాన్ని మొదలుపెట్టిన చార్లెస్ థాక్‌రే కూడా ఈ పేరువాడే. శస్త్రవైద్యుడు జాన్ చార్న్‌లీ రూపొందించిన కృత్రిమ తుంటి కీలును తయారుచేసిన కంపెనీ అది. ఆ పేరుతోనే 1997లో లీడ్స్‌లోని పాత అనాథ శ్రామికశాల భవనంలో వైద్య మ్యూజియం తెరిచారు.

మరి వీరంతా ఒకే మూలపురుషుడి సంతానమా? ఊరి పేరుతో వచ్చిన ఇంటిపేరు విషయంలో రెండు అవకాశాలు ఉంటాయి. ఊరు పెద్దదైతే దానిని వదిలి వేర్వేరు కాలాల్లో వెళ్ళినవారందరికీ ఆ పేరు అంటుకుంటుంది. రెండు మూడు ఇళ్ళున్న చోటైతే ఒకే కుటుంబం నుంచి పేరు పుట్టడానికి అవకాశం ఎక్కువ. తండ్రి నుంచి కొడుకుకు ఇంటిపేరుతో పాటు వై క్రోమోజోము కూడా వస్తుంది కాబట్టి దీనిని పరీక్షించవచ్చు. 2000లో ప్రచురితమైన పరిశోధనలో సైక్స్ అనే మరొక యార్క్‌షైరు ఇంటిపేరుగల 48 మంది పురుషులను పరీక్షిస్తే, వారిలో 43.8 శాతం మందికి ఒకే రకం వై క్రోమోజోము ఉన్నదని తేలింది. సైక్స్ అంటే పిల్లకాలువ; ప్రతి ఊళ్ళోనూ పిల్లకాలువ ఉంటుంది కనుక ఆ పేరు ఎన్నోచోట్ల పుట్టి ఉంటుందని అంతవరకూ అందరూ అనుకున్నారు. తరువాత 2009లో 40 ఇంటిపేర్లు, 1,678 మంది పురుషులతో లెస్టర్ విశ్వవిద్యాలయం వారు చేసిన పెద్ద అధ్యయనంలో, స్మిత్ వంటి వాడుక పేర్లవారి మధ్య ప్రత్యేకమైన పోలిక ఏమీ కనిపించలేదు, అరుదైన పేర్లవారి మధ్య మాత్రం బలమైన పోలిక కనిపించింది. పేరు ఎంత అరుదైతే ఇద్దరు పేరుగలవారు జ్ఞాతులయ్యే అవకాశం అంత ఎక్కువ.

కానీ రక్తానికీ పేరుకూ ముడి ఎప్పుడూ గట్టిగా ఉంటుందనుకోకూడదు. 2007లో అదే బృందం యార్క్‌షైరుకు చెందిన ఒక అరుదైన ఇంటిపేరుగల 18 మందిని పరీక్షించగా, వారిలో ఏడుగురికి పశ్చిమ ఆఫ్రికాలో కనిపించే వై క్రోమోజోము రకం ఉన్నదని బయటపడింది. వారి వంశవృక్షాలు 1780 దశకపు యార్క్‌షైరు దాకా పోతున్నాయి, ఆ పైన ఎప్పుడో ఒక ఆఫ్రికా పురుషుడు ఆ వంశంలో ఉన్నాడు. బయటికి మాత్రం వారు అచ్చమైన యార్క్‌షైరు ఇంగ్లీషువారు.

జవాబు 3: కంపెనీ కాలపు చరిత్ర చదివే పాఠకుడు

అమ్మా, మీరు అడిగిన ముగ్గురూ ఒకే కుటుంబం వారే.

ఫ్యూస్టన్‌కు కొద్ది మైళ్ళ దూరంలో, నిడ్ నది ఒడ్డున హ్యాంప్స్‌త్వెయిట్ అనే గ్రామం ఉంది. అక్కడి థాకరేలలో థామస్ అనే ఆయన చదువుకుని మతగురువై, 1746 నుంచి 1760 దాకా లండను దగ్గరి హారో పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశాడు. ఆయనకు పదహారుగురు సంతానం. చివరివాడు విలియం మేక్‌పీస్ థాకరే, 1766లో కంపెనీ ఉద్యోగిగా బెంగాలుకు వచ్చి, సిల్హెట్ కలెక్టరై, ఏనుగుల వ్యాపారంతో కూడా డబ్బు గడించి, పదేళ్ళకే ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన కొడుకుల్లో ఎక్కువమంది మళ్ళీ మన దేశానికే వచ్చారు. వారిలో విలియం మద్రాసు ఉద్యోగంలో చేరి, దత్తమండలాల్లో మన్రో వద్ద పని నేర్చుకుని, 1807లో జమీందారీ కంటే రైతువారీ పద్ధతే మేలని వాదిస్తూ నివేదిక రాశాడు. మీ తరగతిలో వచ్చిన పేరు ఆయనదే. ఇంకొక కొడుకు, తాత పేరే పెట్టుకున్న థామస్, 1814లో నేపాల్ యుద్ధంలో చనిపోయాడు. సెయింట్ జాన్ థాకరే అనే ఇంకొక కొడుకు ధార్వాడ కలెక్టరుగా ఉండి 1824 అక్టోబరు 23న కిత్తూరు కోట ముందు చనిపోయాడు. బెంగాలులో పనిచేసిన మరో కొడుకు రిచ్‌మండ్‌కు 1811లో కలకత్తాలో పుట్టినవాడే నవలాకారుడు విలియం మేక్‌పీస్ థాకరే. అంటే దత్తమండలాల అధికారి, కిత్తూరు కలెక్టరు ఇద్దరూ ఆ నవలాకారుడికి స్వయానా పెదతండ్రీ పినతండ్రీ వరుస.

అరుదైన పేర్లు ఎలా అరుదవుతాయో చూడడానికి ఈ ఒక్క కుటుంబమే చాలు. పదహారుగురు సంతానం ఉన్న ఇంటి నుంచి వచ్చిన కొమ్మ ఇది. కొడుకులు కంపెనీ కొలువుకు వచ్చి వరుసగా ఇక్కడి యుద్ధాల్లో, జ్వరాల్లో నడివయసు దాటకుండానే రాలిపోయారు; రిచ్‌మండ్ కూడా 1815లో కలకత్తాలోనే చనిపోయాడు. నవలాకారుడికి పుట్టిన ముగ్గురూ ఆడపిల్లలే, వారిలో ఒకరు పసితనంలోనే పోయారు, మిగిలిన ఇద్దరూ పెళ్ళిళ్ళయి రిచీ, స్టీఫెన్ అనే వేరే ఇంటిపేర్లలోకి వెళ్ళారు. ప్రపంచమంతటికీ ఆ పేరును తెలియజేసిన మనిషి 1863లో కన్నుమూయగానే ఆయన శాఖలో ఆ పేరు ఆగిపోయింది. రిచ్‌మండ్‌కు పెళ్ళికి ముందు కలకత్తాలో ఒక కూతురు ఉండేది. తండ్రి తన వీలునామాలో ఆమెకు భరణం ఏర్పాటు చేశాడు కానీ ఆమె పేరు సారా రెడ్‌ఫీల్డ్. తండ్రి ఇంటిపేరు ఆమెకు దక్కలేదు. కంపెనీ అధికారులకు మన స్త్రీల ద్వారా కలిగిన పిల్లలు ఎందరో ఇలా పేరు లేకుండానే లెక్కల్లోంచి తప్పిపోయారు. ఇంటిపేర్ల జనాభా గురించి మాట్లాడేటప్పుడు వారిని తలచుకోకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ముంబయి సంగతికి వద్దాం. ఆ కుటుంబపు మరాఠీ ఇంటిపేరులో మొదటి అక్షరం "ఠ". అది ప్రభువు, పెద్దమనిషి అనే అర్థమున్న "ఠక్కుర" శబ్దపు వంశానికి చెందినది. ఠాకూర్, బెంగాలీల ఠాగూర్ దాని బంధువులే. రెల్లుగడ్డితోగాని యార్క్‌షైరుతోగాని దానికి పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. పన్వేల్‌లో 1885లో పుట్టిన సంఘ సంస్కర్త, పత్రికా రచయిత కేశవ్ సీతారాం, ప్రబోధన్‌కార్‌గా ప్రసిద్ధుడైన ఆయన, ఆ ఇంగ్లీషు నవలాకారుడి మీది అభిమానంతో తమ పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు నవలాకారుడి వర్తనిని తీసుకున్నారని ఆ కుటుంబం గురించి రాసినవారు చెబుతారు. ఆయన కుమారుడు బాల్ ఠాక్రే, ఆ తరువాతి తరాలు అదే వర్తనిని కొనసాగించారు. కనుక మీ విద్యార్థినికి మీరు చెప్పవలసింది, ఆ కుటుంబానికి అందింది ఇంగ్లీషు అక్షరాల వరుస మాత్రమే, వంశం కాదు అని.

ప్రశ్న అడిగిన ఆదోని ఉపాధ్యాయురాలు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు.

మీ జవాబులు చదివాక నాకు తోచిన విషయం ఒకటి ఉంది. ఇంగ్లీషు లిపిలో కలిసిపోయిన ఈ రెండు పేర్లనూ మన లిపి ఎంతో సులువుగా విడదీస్తుంది. ఇంగ్లీషు పేరులోని మొదటి ధ్వనిని మనం అలవాటుగా "థ"తో రాస్తాము, మరాఠీ పేరులోనిది సాక్షాత్తూ "ఠ"యే. పత్రికల్లో ముంబయి వారిని కూడా కొందరు "థాకరే" అని రాయడం వల్లనే మా పిల్లలకు ఆ అనుమానం వచ్చింది. రేపు బోర్డు మీద ఇంగ్లీషు రూపాన్ని ఒక్కసారే రాసి, దాని కింద ఎడమవైపు "థాకరే, రెల్లుమూల ఊరివాడు" అనీ, కుడివైపు "ఠాక్రే, ఠక్కురుడు" అనీ రాయబోతున్నాను.

ఇంగ్లీషువారు "డి థాక్‌వ్రా" అని, అంటే "థాక్‌వ్రా నుంచి వచ్చిన" అని రాసుకున్నట్లే మనవారు కందుకూరు నుంచి వచ్చినవారిని "కందుకూరి" వారన్నారు. ఇంగ్లీషువారి పేర్లలో ఆ "డి" 14, 15 శతాబ్దాలకే ఊడిపోయింది, మన ఇంటిపేర్ల చివర షష్ఠిని చూపే ఇకారం నేటికీ నిలిచి ఉంది. పిల్లలను వారి వారి ఇంటిపేర్లలో ఊరు ఉన్నదేమో ఇంట్లో పెద్దలను అడిగి రమ్మన్నాను. వాష్‌బర్న్ లోయ గురించి చదువుతున్నప్పుడు శ్రీశైలం జలాశయంలో మునిగిన మా అమ్మమ్మగారి ఊరు గుర్తుకు వచ్చింది. ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్న కుటుంబాలు కర్నూలులో ఇంకా ఉన్నాయి, వారిలో ఒకరి మనవడు నా తొమ్మిదో తరగతిలోనే ఉన్నాడు. లీడ్స్ సోదరులు ఆ కట్ట మీద నిలబడి తీసిన ఫొటో ఏదైనా ఉంటే దయచేసి ఇక్కడ పెట్టగలరా? ఆ అబ్బాయికి చూపించాలని ఉంది.

లీడ్స్‌లో ఉంటున్న తెలుగువాడు

తప్పకుండా అమ్మా. నా దగ్గర ఉన్నవన్నీ చలికాలపు మంచులో తీసినవి, నీళ్ళు సరిగా కనిపించవు. ఈ ఆదివారం వెళ్ళి, ఫ్యూస్టన్ వైపు నీళ్ళు స్పష్టంగా పడేటట్లు కట్ట మీద నుంచి కొత్తగా తీసి పెడతాను.